గైడు బదులు కొన్న వైట్‌బోర్డు: ఫస్ట్ సెమ్ అనాటమీ, ఫిజియాలజీ అయ్యాక రివ్యూ

బోర్డు ధర రూ.280. విశాఖలో పూర్ణా మార్కెట్ దగ్గర ఒక స్టేషనరీ కొట్లో 320 చెప్పేడు, మా తమ్ముడు బేరమాడి 280కి దింపేడు, డస్టరు ఫ్రీగా ఇమ్మంటే మాత్రం వినలేదు. పొడవు రెండడుగులు, వెడల్పు అడుగున్నర, చుట్టూ సన్నటి అల్యూమినియం పట్టీ, మూలల్లో నల్ల ప్లాస్టిక్ తొడుగులు. ఒకపక్క తెల్లగా మార్కర్‌తో రాసుకోడానికి, తిప్పితే ఇంకోపక్క ఆకుపచ్చగా సుద్దముక్కతో రాసుకోడానికి. నేను బీఎస్సీ నర్సింగ్ ఫస్ట్ ఇయర్, మాది కంచరపాలెం, అనాటమీ అంటే శరీర నిర్మాణం, ఫిజియాలజీ అంటే అది పనిచేసే తీరు, ఈ రెండూ సెమ్ మొత్తం దీని మీదే నెట్టుకొచ్చేను, గైడు లేకుండా. మా బ్యాచ్‌లో ఎవరు కలిసినా ముందు "ఏ గైడు కొన్నావే" అనే అడిగేవారు, బోర్డు అంటే నవ్వేవారు, ఇప్పుడు జూనియర్లు అడుగుతున్నారు కాబట్టి అందరికీ ఒకేసారి చెప్పీస్తున్నా.

అసలు గైడు కొనలేదా అంటే కొన్నాను, అదే ఏడుపు. కాలేజీలో చేరిన వారంలోనే నాన్నని తీసుకుని ఒక పుస్తకాల షాపుకెళ్ళి, పేరు ఎందుకులెండి, బీఎస్సీ నర్సింగ్ ఫస్ట్ ఇయర్ ఆల్ ఇన్ వన్ కావాలంటే కౌంటర్లో అబ్బాయి ఫోను మాట్లాడుతూనే ఒకటి తీసి ముందర పడేసేడు, రూ.450. ఇంటికొచ్చి తిరగేస్తే అందులో మైక్రోబయాలజీ ఉంది, న్యూట్రిషనూ బయోకెమిస్ట్రీ కలిపి ఒకే పేపరుగా ఉంది, అంతా ఏడాదికోసారి పరీక్ష పెట్టే పాత పద్ధతికి రాసినది. మాకేమో సెమిస్టర్లు. 2021లో గెజిట్‌లో వచ్చిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొత్త సిలబస్‌లో మైక్రోబయాలజీ మూడో సెమ్‌కి వెళ్ళిపోయింది, బయోకెమిస్ట్రీ, న్యూట్రిషన్ రెండో సెమ్‌లో ఉన్నాయి. మర్నాడు పట్టుకెళ్తే బిల్లు మీద అచ్చేసిన "అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు" మీద వేలు పెట్టి చూపించేడు. నాన్న ఒక్క మాట అనలేదు, బండి స్టార్ట్ చేసి తాటిచెట్లపాలెం దాటేవరకూ మౌనంగానే ఉన్నారు, తిట్టినా బావుండేది అనిపించింది. ఇంకో గైడుకి డబ్బులడిగే మొహం నాకు లేదు.

అప్పుడు చేసిన మొదటి పని సిలబస్ ప్రింటు తీయించుకోడం. ఇది ఎవరూ చెయ్యరు, ఎందుకో తెలీదు. నర్సింగ్ కౌన్సిల్ సైట్‌లో ఫ్రీగా ఉంటుంది, మన సబ్జెక్టు పేజీలు మాత్రం తీసుకుంటే జిరాక్స్ కొట్లో టీ ఖర్చు కూడా అవదు. అందులో ఏ యూనిట్‌కి ఎన్ని గంటలు చెప్పాలో రాసుంటుంది. అప్లయిడ్ అనాటమీకి మొత్తం 60 గంటలు, అందులో ఎముకలు కండరాలకే 10, మొదటి యూనిట్ అనాటమీ పదాలూ కణాలూ కణజాలాలకి 8, హార్మోన్లు వదిలే గ్రంథులు అంటే ఎండోక్రైన్‌కి 4, జ్ఞానేంద్రియాలకి 4. నేనేమో అంతకుముందు రెండు వారాలు కన్ను బొమ్మ ముందు కూర్చుని రెటీనా పొరలు లెక్కపెడుతున్నా, ఎముకలు ముట్టుకోలేదు. పరీక్షలో అనాటమీ, ఫిజియాలజీ కలిపి ఒకే పేపరు, 75 మార్కులు, అందులో అనాటమీకి 37, ఫిజియాలజీకి 38, కాలేజీలోనే వేసే ఇంటర్నల్స్ 25. సగం వస్తే పాస్. ఈ అంకెలన్నీ బోర్డు మీద పైన ఎర్ర మార్కర్‌తో రాసి నెల రోజులు చెరపలేదు (దాని ఫలితం తరవాత చెప్తా).

ఇక వాడే పద్ధతి. పుస్తకంలో ఒక టాపిక్ చదవడం, పుస్తకం మూసి మంచం కింద పెట్టడం, బోర్డు ఒళ్ళో పెట్టుకుని గుర్తున్నది గీయడం, గుర్తు లేని చోట ఖాళీ గడి వదలడం, అప్పుడు పుస్తకం తీసి ఖాళీలు మాత్రం ఇంకో రంగులో నింపడం, మొత్తం చెరిపేసి రాత్రి పడుకునే ముందు మళ్ళీ గీయడం. అంతే, ఇందులో నా తెలివేం లేదు. మాకు ఇదే సెమ్‌లో సైకాలజీ ఉంది, మెమరీ యూనిట్ చెప్తూ మేడమ్ 2006లో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు అమెరికాలో చేసిన ప్రయోగం చెప్పేరు. స్టూడెంట్స్‌లో కొందరిచేత ఒక పాఠం మళ్ళీ మళ్ళీ చదివించేరట, కొందరిచేత చదివాక కాయితం లాక్కుని గుర్తున్నది రాయించేరట. ఐదు నిమిషాల్లో పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు, వారం ఆగి పెడితే తిరగబడింది, రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. మేడమ్ అది చెప్తుంటే నా పక్కనున్న అమ్మాయి గైడులో హైలైటర్ పూస్తోంది, పేజీ మొత్తం పచ్చగా, పసుపు రాసిన గడపలా ఉంది.

బోర్డు మీద మొదట నన్ను ఏడిపించింది గుండె. మన ఎదురుగా మనిషి నిలబడ్డట్టు బొమ్మ గీయాలి కదా, అంటే గుండెకి ఎడమపక్క బోర్డు మీద కుడిపక్క వస్తుంది, నేను వరసగా మూడు రోజులు తలకిందులుగా రాసేను. గైడులో బొమ్మ చూసినంతసేపూ నాకు వచ్చు అనే అనుకుని ఉందును. ఇలా కాదని ఆదివారం నాన్న మటన్‌కి వెళ్తుంటే "మేక గుండెకాయ ముక్కలు కొట్టకుండా, పైన గొట్టాలు కొయ్యకుండా తెండి" అన్నాను. కొట్టువాడు "ఎవరికైనా చేతబడి చేస్తారేటి సార్" అన్నాడట. కడిగి స్టీలు పళ్ళెంలో పెట్టి కొత్త బ్లేడుతో నిలువునా చీల్చేను. కుడి జఠరిక, అంటే కింది గది, దాని గోడ వేళ్ళ మధ్య పెడితే చపాతీ పిండిలా మడతపడిపోతోంది, ఎడమది దానికి రెండు మూడింతలు మందం, నొక్కినా నొక్కుపడదు. కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి పంపితే చాలు, ఎడమది ఒళ్ళంతటికీ తొయ్యాలి, అందుకని. పై గది ఎడమ కర్ణికకీ కింది జఠరికకీ మధ్య మిట్రల్ వాల్వు రెండు రెక్కలూ పాల మీద మీగడంత పల్చన, వాటి అంచుల్నించి లోపలికి తెల్లటి దారాలు దిగి కండలకి కట్టేసి ఉన్నాయి, వాటినే కార్డే టెండినే అంటారు. గోటితో ఒకటి లాగితే రెక్క కదిలింది. ఇంకో గుండె ఉంటే బావుండును అనిపించింది, ఎందుకంటే చీల్చకముందు అయోర్టా, అంటే గుండె నించి ఒళ్ళంతటికీ వెళ్ళే పెద్ద ధమని, ఆ గొట్టంలో నీళ్ళు పోస్తే దాని మొదట్లో వాల్వు మూసుకుని నీళ్ళు పైనే నిలబడతాయి, నేను ముందు చీల్చీసి తరవాత చదివేను. అమ్మ గుమ్మంలో నిలబడి "అయిందేటే, నూనె కాగిపోతోంది" అంటోంది. వేపుడు బావుంది. ఆ సాయంత్రం బోర్డు మీద గుండె ఒక్క తప్పు లేకుండా వచ్చింది, శరీరంలోంచి కుడి కర్ణిక, ట్రైకస్పిడ్, కుడి జఠరిక, పల్మనరీ ఆర్టరీ, ఊపిరితిత్తులు, నాలుగు పల్మనరీ వీన్స్, ఎడమ కర్ణిక, మిట్రల్, ఎడమ జఠరిక, అయోర్టా. ధమని అంటే మంచి రక్తం అని చిన్నప్పట్నించి బట్టీ పట్టినవాళ్ళు పల్మనరీ ఆర్టరీ దగ్గర పడిపోతారు, అది గుండె నించి బయటికి వెళ్తుంది కాబట్టి ఆర్టరీ, అందులో ఉండేది ఆక్సిజన్ తక్కువున్న రక్తం.

అంకెలకి నా కొలత మంచినీళ్ళ టిన్ను. మా వీధిలో పొద్దున్నే ఆటోలో వేస్తారు చూడండి, 20 లీటర్లది, అదే. గుండె నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకుని ఒక్కోసారికి 70 మిల్లీలీటర్లు తోస్తే నిమిషానికి 5 లీటర్లు, అంటే నాలుగు నిమిషాలకో టిన్ను. కిడ్నీలు నిమిషానికి 125 మిల్లీలీటర్లు వడకడితే రోజుకి 180 లీటర్లు, తొమ్మిది టిన్నులు! బయటికొచ్చే యూరిన్ ఒకటిన్నర లీటరు, మిగతాదంతా వెనక్కి తీసేసుకుంటుంది. ఇది బోర్డు మీద తొమ్మిది టిన్నులు గీసి ఒక చిన్న సీసా గీస్తే ఇంక జన్మలో మర్చిపోం.

కానీ బోర్డుతో పెద్ద మోసం కూడా ఇక్కడే. నెఫ్రాన్ (కిడ్నీలో వడకట్టే సన్నటి గొట్టం) గీసేటప్పుడు దాని మధ్యలో U ఆకారంలో వంగే హెన్లే శిక్యంలో కిందకి దిగే భాగం, పైకెక్కే భాగం తారుమారు చేసేను. దిగేది నీళ్ళని బయటికి వదుల్తుంది, ఎక్కేది నీళ్ళని వదలదు, ఉప్పుని మాత్రం తోసేస్తుంది. నేను ఉల్టా రాసి, అదే ఉల్టా రోజూ చెరిపి రోజూ గీసి, వారం రోజులు తప్పునే గట్టిగా నేర్చుకున్నా. క్లాసులో మేడమ్ అడిగితే ధైర్యంగా లేచి నిలబడి చెప్పేను కూడా. బోర్డు మీరు రాసింది తప్పు అని చెప్పదు కదండీ, ఏది రాస్తే అది మోస్తుంది. కాబట్టి ప్రతి బొమ్మ చెరిపేముందు ఫోనులో ఫోటో తీసి పుస్తకం పక్కన పెట్టి సరిచూసుకోడం అప్పట్నించి అలవాటు చేసుకున్నా. పుస్తకం కాలేజీ లైబ్రరీలోది ఒకటి, ఫోనులో ఓపెన్‌స్టాక్స్ వాళ్ళ సైట్‌లో అనాటమీ ఫిజియాలజీ పుస్తకం మొత్తం ఫ్రీ, బొమ్మలు రంగుల్లో చాలా శుభ్రంగా ఉంటాయి, ఇంగ్లీషు కూడా మరీ కష్టం కాదు.

ఇంగ్లీషు అంటే గుర్తొచ్చింది, నేను ఇంటర్ తెలుగు మీడియం. క్లోమం, అవటు గ్రంథి, వృక్కం, పుపుస సిర అంటే టక్కున తెలుస్తుంది, పాంక్రియాస్ అంటే ఒక్క క్షణం ఆగాలి. మొదట్లో సిగ్గుపడి తెలుగు పదాలు మానేశా, అది తప్పు. బోర్డుని నిలువునా గీతతో రెండు చేసి ఎడమవైపు తెలుగు పేరు, కుడివైపు ఇంగ్లీషు పేరు, రోజుకి పది. ఒక వైపు చెయ్యి అడ్డం పెట్టి రెండో వైపు చెప్పడం. అమ్మ కూరగాయలు తరుగుతూ అడిగేది, ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదు, తెలుగు పదం చదివి నేను తడుముకుంటే చాలు "రాలేదు, ఇంకోటి" అనేసేది. ఇంటర్ రెండో ఏడు జువాలజీ పుస్తకం పాత పేపర్లవాడికి వేసీకండి, జీర్ణం, రక్తప్రసరణ, విసర్జన, నాడులు, హార్మోన్లు అన్నీ అందులో ఉన్నాయి, ఫిజియాలజీకి అదే పునాది.

మణికట్టులో ఎనిమిది ఎముకలకి గైడుల్లో ఇంగ్లీషు వాక్యం ఒకటిస్తారు, నాకు అది గుర్తుండదు, నేనే ఒకటి కట్టుకున్నా. "సీతమ్మధారలో లక్ష్మికి టిఫిన్ పెట్టి, ట్రాఫిక్‌లో టీ కాసి హార్బరుకెళ్ళింది." స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రమ్, పిసిఫామ్ పై వరస, ట్రపీజియం, ట్రపీజాయిడ్, క్యాపిటేట్, హేమేట్ కింది వరస, రెండు వరసలూ బొటనవేలి వైపు నించే లెక్క. ట్రాఫిక్‌లో టీ ఎలా కాస్తారని మా తమ్ముడు అడిగేడు, అందుకే గుర్తుంటుందిరా అన్నాను. ట్రపీజియం, ట్రపీజాయిడ్‌లో ఏది ముందు అని కంగారు పడేవాళ్ళకి, బొటనవేలు ట్రపీజియం మీద కూర్చుంటుంది, చివర "అం" ఉంది కదా, అంగుష్ఠం అనుకోండి.

ఇప్పుడు బోర్డు క్వాలిటీ. తెల్లపక్క మొదటి నెల అద్దంలా ఉంది. నేను చెప్పిన ఆ ఎర్ర మార్కర్ అంకెలు నెల తరవాత తుడిస్తే పోలేదు, గులాబీ రంగు నీడ ఉండిపోయింది. నీళ్ళతో రుద్దితే డస్టరే మురికైంది. చివరికి ఆ గీతల మీదే కొత్త మార్కర్‌తో మళ్ళీ రాసి తడి ఆరకముందే తుడిస్తే వచ్చేసింది, కొత్త ఇంకులో ఉన్న ద్రావణం పాత ఇంకుని కరిగిస్తుందన్నమాట. తమ్ముడు ఒకరోజు పర్మనెంట్ మార్కర్‌తో క్రికెట్ స్కోరు రాసీసేడు, వాడి వీపు విమానం మోగింది, కానీ అది కూడా శానిటైజర్ వేసిన దూదితో పోయింది. గుడ్డతో గట్టిగా రుద్దితే మాత్రం పైపూత గీరుకుపోతుంది, నా దాని మీద కుడివైపు కింద ఒక చోట అలాగే అయింది, అక్కడ ఇప్పుడు ఏం రాసినా అంటుకుపోతోంది. మూల తొడుగు ఒకటి రెండో నెల్లోనే ఊడింది. గోడకి కొట్టుకునే చిల్లులు వెనక పట్టీకి ఉన్నాయి గానీ మేము మేకు కొట్టలేదు, అద్దిల్లు.

మార్కర్లే అసలు ఖర్చు. ఒక్కోటి రూ.25, మూత సరిగ్గా పెట్టకపోతే రెండు రోజుల్లో ఎండిపోతుంది, ఐదు నెలల్లో పదకొండు కొన్నాను, బోర్డు ఖరీదుకి దాదాపు వచ్చేసింది. మూడో నెల నించి తెలివొచ్చి పచ్చపక్కకి మారేను. సుద్దముక్కల పెట్టె ఒకటి కొంటే సెమ్ అయ్యేదాకా వచ్చింది, రంగు సుద్దలు వేరే. పొడి మంచం మీద పడుతుంది, అమ్మ గొణుగుతుంది, నాకు తుమ్ములు. అయినా ఎముకలు గీయడానికి సుద్దే బావుంటుంది, నల్లటి పచ్చ మీద తెల్లటి ఎముక, ఎక్స్‌రే చూస్తున్నట్టు.

ఇంకో లోపం, దీని వల్ల నేను బొమ్మలు బాగా గీసేను, జవాబులు రాయడం మర్చిపోయేను. ఇంటర్నల్స్‌లో పది మార్కుల ప్రశ్నకి బ్రహ్మాండమైన బొమ్మ గీసి కింద నాలుగు లైన్లు రాసి వచ్చేసేను, ఐదు వేసేరు. తరవాత సీనియర్ అక్కల దగ్గర పాత ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించుకుని, చివరి మూడు వారాలు బోర్డు పక్కన పెట్టి తెల్లకాయితాల మీద టైము చూసుకుని రాసేను. ఆ పేపర్లు చూస్తే ఒకటి అర్థమైంది, నర్సింగ్‌లో ప్రశ్న ఊరికే నిర్మాణం రాయమని ఆగదు, నర్సుకి దాంతో ఏం పని అని అడుగుతుంది. పిరుదు మీద ఇంజెక్షన్ పైన బయటివైపు భాగంలోనే ఎందుకు ఇవ్వాలి లాంటివి. మధ్యలోంచి సయాటిక్ నరం కిందకి దిగుతుంది, దానికి తగిలితే కాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి. నేను బోర్డు మీద పిరుదుని నాలుగు గళ్ళు చేసి నరాన్ని పసుపు సుద్దతో గీసి ఉన్నా, అది చూసి మా పిన్ని "ఛీ ఇదేం చదువే" అంది, ఆ బొమ్మే పరీక్షలో ఐదు మార్కులకి దిగింది.

రిజల్ట్ చెప్పాలి కదా, 75కి 52 వచ్చేయి. గైడులు ఉన్నవాళ్ళలో నాకన్నా ఎక్కువ వచ్చినవాళ్ళున్నారు, ఫెయిలైనవాళ్ళూ ఉన్నారు, కాబట్టి గైడు కొన్నవాళ్ళంతా పోయారని నేను చెప్పను. టైము లేనివాళ్ళకి, పరీక్షకి పది రోజుల ముందు పుస్తకం తెరిచేవాళ్ళకి బోర్డు దండగ, గైడే కొనుక్కోండి, కానీ లోపల సెమిస్టర్ సిలబస్సో కాదో చూసి కొనండి. హాస్టల్లో ఉండేవాళ్ళు కూడా ఆలోచించండి, సుద్దపొడికి రూమ్మేట్లు ఊరుకోరు. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళి చదువుకునేవాళ్ళు దీన్ని చంకలో పెట్టుకుని వెళ్ళలేరు, నేను ఒకసారి బస్సులో తీసుకెళ్ళేను, కండక్టరు "ట్యూషన్ పెట్టేవేటమ్మా" అన్నాడు, ఇంక తియ్యలేదు.

బోర్డుకి ఐదుకి నాలుగు ఇస్తా, మార్కర్లకి రెండు, ఆ 450 గైడుకి సున్నా, దాని మీద ఇప్పుడు సుద్దల పెట్టె పెడుతున్నా. రెండో సెమ్‌కి బయోకెమిస్ట్రీ మొదలైంది, గ్లూకోజ్ విరిగే గ్లైకాలిసిస్ పది మెట్లు అడుగున్నర బోర్డులో పట్టడం లేదు, మూడడుగులది ఎంతుందో ఈ ఆదివారం కనుక్కోవాలి. మీరు వెళ్తే మార్కర్ మూత తీసి కొట్లోనే గీసి చూసుకోండి, నాకిచ్చిన మొదటి రెండూ ఎండిపోయినవే.